లారీ నల్లపొగ: ఒక రోగనిదాన చరిత్ర

నల్లగొండ పేరు వినగానే వైద్యులకు ఫ్లోరోసిస్ స్ఫురిస్తుంది. మహబూబ్‌నగర్ అనగానే ఎవరికైనా కరవు, వలసలు గుర్తుకు వస్తాయి. ఈ ప్రాంతం గుండా సాగే రెండు జాతీయ రహదారుల మీద మరొక ఆరోగ్య సమస్య దశాబ్దాలుగా అందరి కళ్ళ ఎదుటే ఉన్నా, దానిని సమస్యగా లెక్కించినవారు తక్కువ. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడల మీదుగా విజయవాడకు పోయే పూర్వపు 9వ నంబరు రహదారి (నేటి 65) మీద గానీ, షాద్‌నగర్, జడ్చర్లల మీదుగా కర్నూలుకు పోయే పూర్వపు 7వ నంబరు రహదారి (నేటి 44) మీద గానీ బరువులాగే లారీ వెనుక ప్రయాణించినవారికి ఆ నల్లపొగ పరిచయమే. అది ఇంజనులోని లోపానికి చిహ్నమని మెకానిక్‌లు మొదటినుంచీ ఎరుగుదురు. అది మనిషికి రోగకారణమని శాస్త్రం తేల్చి చెప్పడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు. గాలిని తీవ్రంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. సిలిండరులో నిండిన గాలిలోకి డీజిలు తుంపరగా వచ్చి, క్షణంలో వెయ్యోవంతుల వ్యవధిలో కలిసి మండాలి. గాలి చాలని చోట ఆ తుంపర బొగ్గు నుసిగా మిగులుతుంది. నల్లపొగకు మూలం ఇదే. 1927లో బాష్ సంస్థ ఇంధన పంపులను పెద్దఎత్తున తయారు చేయనారంభించిన తరువాత డీజిలు లారీలకు ఊపు వచ్చింది. మనదేశంలో 1951లో బెంగుళూరులో మైకో సంస్థ వెలిసింది. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా వారు డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీ చేపట్టారు.

దక్షిణ తెలంగాణ నైసర్గిక స్థితి ఈ పొగకు బాగా తోడ్పడింది. విజయవాడ సముద్రమట్టానికి ఇంచుమించు చేరువలో ఉన్నది. హైదరాబాదు 500 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. తీరం నుంచి సరుకుతో వచ్చే లారీ నల్లగొండ జిల్లా పొడవునా మొత్తం మీద ఎక్కుతూనే రావాలి. టర్బో లేని పాత ఇంజనులో డ్రైవరు యాక్సిలరేటరు తొక్కితే ఇంధనం పెరుగుతుంది, గాలి పెరగదు. దీనికి తోడు చల్కా నేలల ఎర్రదుమ్ము, రాతి క్రషర్ల పొడి ఎయిర్ ఫిల్టరును పూడ్చివేస్తాయి. ఆపైన అనుమతికి మించిన బరువు. ఎక్కుడులో బండి లాగడం లేదని యజమాని వాపోతే, పంపు మీద సీలు విప్పి, గరిష్ఠ ఇంధనాన్ని నిర్ణయించే స్క్రూను కాస్త తిప్పి 'పికప్' పెంచడం వాడుకలోకి వచ్చింది. నా దృష్టిలో ఇది జ్వరానికి కారణం వెదకక మందు మోతాదు పెంచుతూ పోవడం వంటిది.

మంచి మేస్త్రీ పద్ధతి వేరు. అతడు మొదట రంగు చూస్తాడు. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిలు మండుతున్నదని, ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ వస్తుంటే డీజిలు మండకనే పోతున్నదని లేదా రేడియేటరు నీరు సిలిండరులోకి చేరుతున్నదని గ్రహిస్తాడు. నల్లపొగ అయితే గాలి తక్కువ, లేదా ఇంధనం ఎక్కువ. చవకైన తనిఖీ ముందు: ఎయిర్ ఫిల్టరు, తరువాత టర్బో గొట్టాలలో చీలికలు. అక్కడ దోషం లేకుంటే నాజిళ్ళు విప్పి టెస్టరు మీద తుంపర తీరు చూస్తాడు. నాజిలు మంచులా చిమ్మక బొట్లుబొట్లుగా కారుతుంటే దొంగ దొరికినట్లే. ఆ తరువాతే పంపు టైమింగు, చివరకు కంప్రెషను. ఈ క్రమం చూస్తే మా వైద్యవిద్యలో నేర్పే క్రమమే జ్ఞాపకం వస్తుంది.

పాత ఇంజన్లలో ఒక్కొక్క నాజిలు గొట్టపు నట్టును వదులు చేసి, ఏ సిలిండరును ఆపితే పొగ తగ్గుతుందో పట్టేవారు. నేటి కామన్ రైల్ ఇంజన్లలో ఆ పని ప్రాణాపాయకరం. అక్కడి పీడనంతో చిమ్మే డీజిలు చర్మాన్ని సూదిలా ఛేదించి లోపలి కణజాలాన్ని నాశనం చేస్తుంది. పైకి చిన్న చుక్కలాగా కనిపించినా అది తక్షణం శస్త్రచికిత్స అవసరమైన గాయం. కట్టు కట్టుకుని ఇంటికి పోతే వేలు, ఒక్కొక్కప్పుడు చేయి కోల్పోవలసి వస్తుంది.

పొగను కంటితో చూడడం నుంచి కొలవడం వరకు సాగిన ప్రయాణం కూడా ఆసక్తికరమే. పంతొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రాన్సులో మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ చిమ్నీల పొగను పోల్చి చూడడానికి గీతలు గీసిన పటం రూపొందించాడు. బాష్ మీటరు పొగను తెల్లని కాగితం గుండా లాగి, కాగితం నలుపును కొలిచింది. హార్ట్‌రిడ్జ్ మీటరు పొగలోంచి కాంతిని పంపి ఎంత అడ్డగింపబడిందో చూసింది. మన 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల కింద డీజిలు బండ్లకు విధించిన 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్ల పరిమితి ఆ కొలమానం మీదిదే. అయితే ఈ పరీక్ష నిలిపి ఉంచిన బండి మీద, గేరు వేయకుండా, యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కి చేసేది. లారీ నిజంగా పొగ కక్కేది ఇరవై టన్నులతో ఎక్కుడు ఎక్కేటప్పుడు. విశ్రాంతిగా పడుకున్న రోగి నాడి చూసి అతని గుండె మెట్లు ఎక్కగలదని తీర్పు చెప్పడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

ఇక మనిషి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లో డీజిలు పొగను 'బహుశా క్యాన్సర్ కారకం' అన్నది. 2012 జూన్‌లో ఆ 'బహుశా'ను తొలగించి, పొగాకు, ఆస్బెస్టాస్‌లు ఉన్న మొదటి వర్గంలో చేర్చింది. అమెరికాలో ఎనిమిది గనులకు చెందిన 12,315 మంది కార్మికులపై జరిగిన అధ్యయనం ఆ నిర్ణయానికి ముఖ్యాధారాలలో ఒకటి: డీజిలు పొగ ఎక్కువగా పీల్చినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు ఎక్కువ. రహదారి పట్టణాల షెడ్డులలో పంపులు, నాజిళ్ళు పట్టుకుని జీవితం గడిపినవారిని ఇటువంటి దీర్ఘకాలిక పరిశీలనకు ఎవరైనా తీసుకోవాలని నా కోరిక. దగ్గుతో వచ్చిన రోగిని బీడీ తాగుతావా అని అడిగే మేము, ఏ పని చేస్తావని కూడా అడగవలసి ఉన్నది.

ఇంధనం విషయంలోనూ మన జిల్లాలు వెనుకబడ్డాయి. పది లక్షల పాళ్ళలో గంధకం 50 పాళ్ళకు మించని డీజిలు 2010లోనే హైదరాబాదుకు వచ్చింది. దేశమంతటా తప్పనిసరి అయినది 2017 ఏప్రిల్‌లో. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కింద ఆ పరిమితి 10 పాళ్ళకు దిగింది. గంధకం అంతగా తగ్గినందువల్లనే సైలెన్సరు వరుసలో నుసిని పట్టి, కాల్చివేసే ఫిల్టరు సక్రమంగా పనిచేయగలుగుతున్నది.

దీనివల్ల నిదానసూత్రమే మారిపోయింది. పాత లారీ ఎక్కుడులో కొద్దిగా నల్లబడితే అది దాని స్వభావం. బీఎస్-6 లారీ పొగగొట్టం లోపల వేలు పెట్టి తిప్పితే మసి అంటుకున్నదంటే, ఫిల్టరు పగిలి ఉండాలి, లేదా ఎవరో దానిని పీకివేసి ఉండాలి. అటువంటి బండిని షెడ్డులో పెట్టి తలుపులు మూసి ఇంజను నడపకూడదు. నుసి పట్టిన భాగాలను గాలిగొట్టంతో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.