హద్దు గీసింది ఎవరు?

ఇంటర్నెట్‌లో ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అన్న తగవు మన దేశంలో పాతికేళ్లుగా నడుస్తోంది. తీర్పులు వచ్చింది ఢిల్లీలోనే అయినా, వాటి వెనక హైదరాబాద్ కథలు చాలానే ఉన్నాయి.

మొదట్లో పట్టింపంతా రాసినవాళ్ల మీదే. ఐటీ చట్టంలో చేర్చిన 66ఏ సెక్షన్ 2009లో అమల్లోకి వచ్చింది. దాని కింద, ఎదుటివారికి చిరాకు కలిగించారన్నా అరెస్టు చేసే వీలుండేది. 2013 మేలో చీరాల ఎమ్మెల్యేపై ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టుకు పౌరహక్కుల నాయకురాలు జయ వింధ్యాలను హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. పై అధికారుల అనుమతి లేనిదే అలా అరెస్టు చేయొద్దని అదే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. 2015 మార్చి 24న ఆ సెక్షన్‌నే కొట్టేసింది.

విమర్శించినవాళ్లను జైలుకు పంపిన ఆ రోజుల్లోనే, అత్యాచార వీడియోలు వాట్సాప్‌లో అడ్డూ అదుపూ లేకుండా తిరిగాయి. హైదరాబాద్‌లోని ప్రజ్వల సంస్థ వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ బాధితుల ముఖాలు కనబడకుండా, నేరగాళ్ల ముఖాలు కనబడేలా ఆ దృశ్యాలను బయటపెట్టారు. ఆమె కారుపై రాళ్లు పడ్డాయి. 2015 ఫిబ్రవరి 18 నాటి ప్రజ్వల లేఖనే సుప్రీంకోర్టు కేసుగా తీసుకుని సీబీఐ విచారణకు ఆదేశించింది. గూగుల్, ఫేస్‌బుక్ లాంటి కంపెనీల ప్రతినిధులనూ కూర్చోబెట్టింది. 2018 సెప్టెంబరులో, ఇలాంటి వీడియోలపై ఫిర్యాదు చేసేందుకు కేంద్రం పోర్టల్ తెరిచింది.

అదే ఏడాది మేలో, పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్ల మధ్య, చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. దేశమంతటా ఇలాంటి హత్యలు జరిగాకే, జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్‌లకు కుదించింది.

వడపోత పని కూడా మన ఊళ్లోనే సాగింది. ఫేస్‌బుక్ పోస్టులను పరిశీలించే జెన్‌ప్యాక్ట్ బృందంలో హైదరాబాద్‌లో 1,600 మంది ఉన్నారని 2019 ఫిబ్రవరిలో రాయిటర్స్ రాసింది. అశ్లీల చిత్రాలు చూసే ఉద్యోగి రద్దీ రోజున ఎనిమిది గంటల షిఫ్టులో 2,000 పోస్టులు, అంటే నిమిషానికి దాదాపు నాలుగు, చూసి తేల్చాల్సి వచ్చేది. పదిహేను సెకన్లలో ఎంత న్యాయం చేయగలరు?

2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనలతో బాధితులకు కాస్త పట్టు దొరికింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్లే అమ్మాయి నగ్న చిత్రాన్ని ఎవరైనా పెడితే, ఆమె ఫిర్యాదు చేసిన 24 గంటల్లో వేదిక దాన్ని తీసేయాలని అప్పట్లో ఆ నిబంధనలు చెప్పాయి. మామూలు ఫిర్యాదులకు 15 రోజుల గడువు ఉండేది.

అయినా 2022 మే 4న ఏం జరిగిందో సరూర్‌నగర్ మరిచిపోలేదు. మతాంతర పెళ్లి చేసుకున్న యువకుణ్ని భార్య తరఫువాళ్లు నడిరోడ్డుపై చంపారు. ఎవరూ అడ్డుపడలేదని ఆ భార్య ఏడ్చింది. ఫోన్లలో తీసిన వీడియోలు మాత్రం ఊరంతా తిరిగాయి.

ఈ నిబంధనల్లో చాలావాటికి ముందు ఎవరో ఒకరు బలయ్యారు. కోర్టు, కంపెనీ, పోలీసు వచ్చేది ఆ తర్వాతే. వీడియో ముందుగా చేరేది మన చేతికి. అలాంటిది వస్తే పంచొద్దు. రిపోర్ట్ కొట్టండి, పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, గ్రూపు అడ్మిన్‌ను నిలదీయండి. అసలు హద్దు గీయాల్సింది మనమే.