యంత్రమునకు కొరుకుడుపడని అక్షరము

గూడూరునకు చేరువనున్న చిల్లకూరు ప్రాంతము తెల్లని ఇసుకకు పేరుపొందినది. గాజు చేయుటకు తగిన ఇసుక యగుటచే దానిని త్రవ్వి, లారీలకెత్తి, కార్ఖానాలకు పంపుదురు. ఆ ఇసుకలో ప్రాణవాయువుతో కలసియుండు మూలపదార్థము సిలికాన్. దానిని మిక్కిలి శుద్ధి చేసిన పిమ్మట కంప్యూటరునకును చేతిఫోనునకును మెదడువంటి బిళ్ల దానితోడనే తయారగును. ఒకప్పుడు వీథిబడిలో పిల్లవాడు ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దెను. నేటి పిల్లవాడు గాజుపలక మీద వ్రేలితో ఆ ఓనమాలే దిద్దుచున్నాడు. ఇసుక రూపు మారినది గాని అక్షరము మారలేదు.

ఇసుకలో ఏ అక్షరము దిద్దినను ఇసుకకు వచ్చిన బాధ లేదు. కాని 2018 ఫిబ్రవరి మాసమున ఒక తెలుగు అక్షరము ఆపిల్ సంస్థవారి ఐఫోనులను, మాక్ కంప్యూటర్లను చతికిలబడజేసెను. అది ‘జ్ఞా’. జ్ఞానము అను మాటకు మొదటి అక్షరము! అది గల సందేశమును చూపబోయిన వెంటనే ప్రోగ్రాము మూతపడును. మరల తెరచిన మరల మూతపడును. వాట్సాప్, జీమెయిల్ మొదలైనవానికిని అదే గతి పట్టెను. సందేశము తెరమీద ప్రకటనగా వచ్చిన యెడల ఫోను మొత్తమే ఆగిపోవుచుండెను. కొంటెవారు కొందరు ట్విట్టరులో తమ పేరునకు ఆ అక్షరమును తగిలించి, చూచినవారి ఫోనులను ఆపి వినోదించిరి. ప్రపంచ పత్రికలలో తెలుగు పేరు మారుమ్రోగెను. కాని ఆ కీర్తికి సంతోషించినవారు మనలో ఎందరు?

వ్రాతయంత్రము ఉన్నట్టుండి కూలినప్పుడు ఎవరికైనను మొదట తోచు మాట వైరసు. ఆ అనుమానము నిర్హేతుకము కాదు. 1986లో లాహోరు నగరమునకు చెందిన సోదరులిద్దరు వ్రాసిన ‘బ్రెయిన్’ అను వైరసు ఫ్లాపీ బిళ్లల వెంట దేశదేశములకు ప్రాకెను. 1995లో వచ్చిన ‘కాన్సెప్ట్’ మైక్రోసాఫ్టువారి వర్డు పత్రములనే ఇల్లు చేసికొనెను. వర్డులో మాక్రో అను ఆజ్ఞల మూటను పత్రములోనే దాచుటకు వీలు కలదు. కాన్సెప్ట్ ఆ మూటలో నుండి లేచి, క్రొత్త పత్రములకన్నిటికి మూసయైన ‘నార్మల్’ అను ఫైలులో చేరి, అటుపిమ్మట భద్రపరచిన పత్రములకెల్ల అంటుకొనుచుండెను. 1999 మార్చి 26న బయలుదేరిన ‘మెలిస్సా’ మరింత గడుసుది. పత్రము తెరచినవారి చిరునామాల పట్టికలో మొదటి 50 మందికి అది తన్ను తానే పంపుకొనెను. దానిని వ్రాసిన అమెరికా దేశస్థునికి 2002లో 20 నెలల కారాగారశిక్ష పడెను.

ఈ మూడింటికిని కర్తలు కలరు, ఉద్దేశము కలదు, తన ప్రతిని తానే చేసికొను శక్తి కలదు. జ్ఞా విషయమున ఈ మూడును లేవు. అది ఒకరి పన్నాగము కాదు. అక్షరమునకు రూపము కట్టు ప్రోగ్రాములోని లోపము. అల్లరివారు దానిని వాడుకొనిరే గాని సృష్టింపలేదు. రోగమునకును అంగలోపమునకును ఎంత భేదమో వైరసునకును దీనికిని అంత భేదము.

ఆ లోపమెట్టిదో తెలియవలెనన్న, యంత్రము తెలుగును ఎట్లు దాచునో కొంచెము తెలిసికొనవలెను. యంత్రమునకు అక్షరము రూపము కాదు, సంఖ్య. మన దేశమున భారతీయ లిపులకు ఇస్కీ అను సంకేతపద్ధతి 1988లో ఏర్పడి 1991లో సవరింపబడెను. ఆ 1991లోనే వెలువడిన యూనికోడు ఆ పద్ధతి ననుసరించి తెలుగునకు 128 స్థానముల గడిని కేటాయించెను. ఈ లెక్కలో, కంటికి ఒకటిగా కనబడు ‘జ్ఞా’ యంత్రమునకు నాలుగు: జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము. రూపము కట్టు ప్రోగ్రాము వీనిని వరుసగా చదివి, ఞకారమును వత్తుగా మార్చి క్రింద నిలిపి, దీర్ఘమును తెచ్చి పైనున్న జకారమునకు చేర్చవలెను. మన బడిపిల్లలు అలవోకగా చేయు ఈ పని యంత్రమునకు పెద్ద లెక్క.

ఫోనులను కూల్చిన సందేశములలో ఐదవ సంకేతమొకటి ఞకారమునకును దీర్ఘమునకును నడుమ దాగియుండెను. అది కంటికి కనబడదు. దానికి వెడల్పు లేదు. అక్షరములను ఒకదానితో నొకటి కలియనీయకుండుట దాని పని. ‘సాఫ్ట్‌వేర్’ అని వ్రాయునప్పుడు వకారము టకారము క్రింద వత్తుగా చేరక విడిగా నిలుచుట దాని చలువయే. జ్ఞాలో ఆ చోట దానికి పని లేదు. ఉన్నను హాని కలుగరాదు. కాని ఆపిల్‌వారి ప్రోగ్రాము ఆ వరుస దగ్గర తడబడి, యంత్రపు జ్ఞాపకస్థలమును చెరచి, తాను కూలెను. కావున మామూలుగా వ్రాసిన జ్ఞానము, విజ్ఞానము అను మాటలు ఎవరి ఫోనును ఏమియు చేయలేదు. ఈ సంగతి నాటి వార్తలలో చాలవరకు మరుగుపడెను.

తరువాత పరిశీలించినవారు ఇట్టి వరుసలే వంగలిపిలోను దేవనాగరిలోను యంత్రమును కూల్చగలవని తేల్చిరి. తెలుగులో ప్రతి హల్లునకు వత్తు కలదు గనుక మన లిపిలో అట్టి కూర్పులు హెచ్చు. 2015 మే నెలలోను అరబ్బీ, దేవనాగరి, చీనా సంకేతములు కలసిన సందేశ మొకటి ఐఫోనులను ఇట్లే ఆపియుండెను. అనగా ఇది ఒక్క తెలుగు కథ కాదు.

2018 ఫిబ్రవరి 19న ఆపిల్‌వారు ఐఫోనులకు 11.2.6 అను సవరణను, మాక్ కంప్యూటర్లకు, చేతిగడియారములకు, టీవీ పెట్టెలకు తగిన సవరణలను విడుదల చేసిరి. వచ్చిన వ్రాతను మరింత జాగ్రత్తగా పరీక్షించునట్లు చేయుటయే వారు చెప్పిన చికిత్స. తెలుగులో ఒక్క గీతయు మారలేదు; ప్రోగ్రాము మారెను.

లిపి చరిత్రలో ఇది గమనింపదగిన మలుపు. అచ్చుయంత్రము వచ్చినప్పుడు తెలుగునకు వందలకొలది దిమ్మలు కావలసివచ్చెను. టంకణయంత్రము వచ్చినప్పుడు మీటలు చాలక, వత్తులును గుణింతములును యంత్రమునకు తలవంచవలసివచ్చెను. లిపినే కుదించవలెనని వాదించినవారును కలరు. కంప్యూటరు తొలినాళ్లలో ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క సంకేతపద్ధతి. ఒకచోట వ్రాసిన తెలుగు మరియొకచోట పిచ్చిగీతలుగా కనబడుచుండెను. అమెరికాలో నున్న తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు పోతన, వేమన అను ఫాంటులను రూపొందించి యూనికోడు తెలుగునకు త్రోవ చేసిరి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చేరెను. ఇంత శ్రమతో యంత్రము తెలుగునకు లొంగిన పిమ్మట, ఒక్క వార్తకు భయపడి తెలుగు వ్రాయుట ప్రమాదమని మనము తలచినచో ఆ శ్రమ యెల్ల వ్యర్థము. పరాయి లిపిలో ‘అమ్మా’ అని వ్రాయుటకు అలవాటుపడిన చేతికి అట్టి భయము మరియొక సాకు అగును.

కావున వ్రాతయంత్రము కూలినప్పుడు నింద వేయుటకు ముందు విచారణ చేయవలెను. ఒక్క పత్రము తెరచినప్పుడే కూలుచున్నదా, ఏ పత్రమునకైనను కూలుచున్నదా యని మొదట చూడవలెను. ఏ పత్రమునకైనను కూలినచో, కంట్రోలు మీట నొక్కిపట్టి వర్డును తెరచిన, అదనపు హంగులు లేక అది మొదలగును. అప్పుడు నిలిచినచో దోషము ఆ హంగులలో నున్నది. అప్పటికిని కూలినచో నార్మల్ మూసకు పేరు మార్చి చూడవలెను. వర్డు క్రొత్త మూసను తానే చేసికొనును. వైరసని అనుమానము కలిగినచో యంత్రమును ఇంటర్నెట్టు నుండి విడదీసి, వైరసు నిరోధక ప్రోగ్రాముతో అంతయు వెదకించి, అది చూపిన ఫైళ్లను తొలగించవలెను. ఎరుగనివారు పంపిన పత్రములోని మాక్రోలకు అనుమతి నీయరాదు. ఒక్క పత్రమే కూల్చుచున్నచో దాని ప్రతిని వేరొక యంత్రమున తెరచి, వ్రాతను కొంత కొంతగా క్రొత్త పత్రములోనికి తరలించిన, దోషమెచ్చట నున్నదో తేలును. వీనన్నిటికంటె ముందు, ముఖ్యమైన వ్రాతకు రెండవ ప్రతి వేరుచోట నుండవలెను. తాళపత్రములకు ప్రతులు వ్రాయించిన మన పూర్వులకు ఈ సూత్రము క్రొత్తది కాదు.

నెల్లూరు జిల్లా శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి గారలు సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. శాసనములలో శిల్పి యులి తప్పినచోట్లు కలవు. అట్టిచోట పండితులు రాతిని పగులగొట్టరు, అక్షరమును దూషింపరు. ఏది ఉద్దేశింపబడినదో ఆలోచించి ప్రక్కన సరియైన పాఠమును గుర్తింతురు. యంత్రము విషయమునను మనకు కావలసినది ఆ ఓర్పే. జ్ఞానమునకు మొదటి అక్షరము వలన యంత్రము కూలినదని లోకము నవ్వినది. యంత్రమునకే ఆ అక్షరము సరిగా రాలేదని విచారణలో తేలినది. దిద్దుకొనవలసినవారు దిద్దుకొనిరి. అక్షరము మాత్రము ఉన్నచోటనే యున్నది.