తాళంచెవి లేని పెట్టె

1999లో అమెరికాలో టీవో అనే పెట్టె అమ్మకానికి వచ్చింది. టీవీ పక్కన పెట్టుకుంటే మనకి కావలసిన ప్రోగ్రాములు హార్డ్ డిస్కు మీద రికార్డు చేసి ఉంచేది. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, ఇండియా నుంచి వచ్చిన ఫోను తీరిగ్గా మాట్లాడి, ఆపిన చోటినుంచి మళ్ళీ చూసుకోవచ్చు. అప్పట్లో అది వింతే. మాబోటి కంప్యూటరు వాళ్ళకి ఇంకో ముచ్చట కూడా ఉండేది. దాని లోపల నడిచేది లినక్స్!

లినక్స్ కెర్నెల్‌ జీపీఎల్ అనే లైసెన్సు రెండవ వెర్షను కింద పంపిణీ అవుతుంది. రిచర్డ్ స్టాల్మన్ 1991లో తెచ్చిన ఆ లైసెన్సు షరతు, స్థూలంగా, ఇది: ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కాని ఇంకొకరికి ఇచ్చినప్పుడు తమ మార్పులతో సహా సోర్సు కోడు కూడా అందుబాటులో పెట్టాలి. టీవో కంపెనీ పెట్టింది. అక్కడ తప్పు పట్టడానికేమీ లేదు.

మొదటి మోడలు కొన్నవాళ్ళు స్క్రూలు విప్పి పెద్ద డిస్కులు తగిలించారు, నెట్‌వర్కు కార్డులు బిగించారు. తరవాతి మోడళ్ళలో కంపెనీ ఒక తాళం వేసింది. పెట్టెకి కరెంటు ఇవ్వగానే లోపలి చిప్పులో ఉన్న చిన్న ప్రోగ్రాము, డిస్కు మీది కెర్నెల్‌కి కంపెనీ వారి డిజిటల్ సంతకం ఉందో లేదో చూస్తుంది. ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోదు. పెట్టె ఆ కెర్నెల్‌ని నడపదు. సంతకం చేసే రహస్య సంఖ్య కంపెనీ దగ్గరే ఉంటుంది. అంటే కోడు చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, కంపైలు చేసుకోవచ్చు. డబ్బిచ్చి కొన్న పెట్టెలో మాత్రం నడుపుకోలేము. వంట పుస్తకం చేతికిచ్చి వంటింటికి తాళం వేసినట్టు!

అదే రోజుల్లో దీనికి ఎదురు కథ ఒకటి నడిచింది. 2002 చివర లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైర్‌లెస్ రౌటరు తెచ్చింది. అందులోనూ లినక్సే, కాని సోర్సు కోడు ఇవ్వలేదు. వాడకందార్లు పసిగట్టి గోల చేశాక 2003లో ఇచ్చింది. దానికి సంతకపు తాళం లేదు కనక, ఆ కోడు ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు పుట్టింది. 2005లో అయిదవ వెర్షను రౌటరులో లినక్స్ తీసేసి, ఫ్లాష్ మెమరీని 4 మెగాబైట్ల నుంచి 2కి కుదించినా, లినక్స్ అభిమానుల కోసం పాత తరహా పెట్టెనే చివర ‘ఎల్’ అక్షరం తగిలించి విడిగా అమ్మారు. అది ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళని విప్పుకోనిస్తే వ్యాపారం మునుగుతుందన్న భయానికి ఇంతకన్న జవాబేం కావాలి?

స్టాల్మన్ టీవో పద్ధతికి ‘టీవోయిజేషన్’ అని పేరు పెట్టాడు. 2006 జనవరిలో వెలువడిన జీపీఎల్ మూడవ వెర్షను తొలి ముసాయిదా దీని మీదే గురి పెట్టింది. లైనస్ టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. నా కోడుకి చేసిన మార్పులు నాకు తిరిగి వస్తే చాలు, హార్డ్‌వేరు ఎలా ఉండాలన్నది తయారు చేసినవాడి ఇష్టం అన్నది ఆయన వాదన. ప్రోగ్రాము రాసేవాడిగా చూస్తే అందులో పస ఉంది. కాని ప్రోగ్రాము రాసినవాడికి మార్పులు తిరిగొచ్చాయి, పెట్టె కొన్నవాడికి ఏమి దక్కింది? నా ఓటు స్టాల్మన్‌కే.

2007 జూన్ 29న మూడవ వెర్షను వచ్చింది. ఇళ్ళలో వాడే సరుకుల విషయంలో, మార్చిన ప్రోగ్రామును అందులో ఎక్కించుకోవడానికి కావలసిన సమాచారం, తాళంచెవులతో సహా, కొన్నవాడికి ఇవ్వాలంది. లినక్స్ కెర్నెల్ మాత్రం రెండవ వెర్షనులోనే ఉండిపోయింది. వేలమంది రాసిన కోడు. లైసెన్సు మార్చాలంటే వాళ్ళందరి ఒప్పుదలా కావాలి, పెద్దాయనకే ఇష్టం లేదాయె. ఆండ్రాయిడ్ ఫోనుల్లోకి ఆ కెర్నెలే వెళ్ళింది. తాళం విప్పనివ్వని ఫోను అమ్మినా లైసెన్సు అడ్డురాదు.

కొత్త లైసెన్సుకి కంపెనీలు ఎంత దూరం జరిగాయో చెప్పడానికి బాష్ అనే షెల్ ప్రోగ్రాము ఒక్కటి చాలు. 2009లో నాలుగవ వెర్షనుతో అది కొత్త లైసెన్సులోకి మారింది. ఆపిల్ తన మాక్ కంప్యూటర్లలో 2006 నాటి 3.2 వెర్షను దగ్గరే ఆగిపోయి, 2019లో జీషెల్‌ని ముందుకి తెచ్చింది. లైసెన్సే కారణమని అందరూ అనుకున్నారు.