కంటికి చేరినా కనిపించదు: విజువల్ మాస్కింగ్‌లో ధ్యాస పాత్ర ఎంత?

చలికాలంలో ఘాజియాబాద్ మీదుగా వెళ్లే ఢిల్లీ-మీరట్ ఎక్స్‌ప్రెస్‌వేను పొగమంచు కమ్మేస్తే ముందున్న లారీ కనిపించదు. దాని మీది వెలుతురు డ్రైవర్ కంటికి సరిగా చేరకపోవడమే అందుకు కారణం. అయితే వెలుతురు కంటికి చేరినా వస్తువు కనిపించని సందర్భాలూ ఉన్నాయి. వాటిలో ఒకటి విజువల్ మాస్కింగ్.

ఏమిటీ మాస్కింగ్?

ఒక బొమ్మను రెప్పపాటు కాలం చూపి, వెంటనే అక్కడో పక్కనో మరో బొమ్మ చూపితే మొదటిదాన్ని గుర్తించడం కష్టమవుతుంది. ఒక్కోసారి అసలేమీ చూపలేదనే అనిపిస్తుంది. మొదటిదాన్ని లక్ష్యమని, రెండోదాన్ని మాస్క్ అని అంటారు. మాస్క్ లక్ష్యాన్ని తాకకుండా దాని అంచు పక్కనే నిలిచి మరుగుపరిస్తే అది మెటాకాంట్రాస్ట్. ఈ రకంలో రెండూ ఒకేసారి కనిపించినప్పటి కంటే, మాస్క్ సుమారు 50 నుంచి 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినప్పుడే ప్రభావం ఎక్కువ. అంటే దెబ్బతినేది కంటికి అందిన సమాచారం కాదు, మెదడులో దాని మీద సాగుతున్న పని.

1961లో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ఆవర్‌బాక్, కోరియెల్ రెండు వరుసల్లో 16 అక్షరాలను 50 మిల్లీసెకన్లు చూపారు. తర్వాత ఒక అక్షరం ఉన్న చోటును చిన్న గీతతో సూచిస్తే చూసేవారు దాన్ని చెప్పగలిగారు. గీతకు బదులు ఆ చోటు చుట్టూ వలయం చూపితే అక్షరం చెరిగిపోయినట్టయింది.

నాలుగు చుక్కల ప్రయోగం

ఈ చర్చలోకి ధ్యాసను బలంగా తెచ్చింది 1997లో జేమ్స్ ఎన్స్, విన్సెంట్ డి లోలో చేసిన పని. లక్ష్యం చుట్టూ నాలుగు చిన్న చుక్కలు మాత్రమే పెట్టారు. అవి లక్ష్యాన్ని కప్పవు. అయినా ధ్యాస లక్ష్యంపై కేంద్రీకృతం కానప్పుడు లక్ష్యం కనిపించకుండా పోయింది. ఎక్కడ చూడాలో ముందే తెలిసినప్పుడు మాస్కింగ్ బాగా తగ్గింది.

2000లో వీరిద్దరు, రోనాల్డ్ రెన్సింక్‌తో కలిసి దీనికి వివరణ ఇచ్చారు. మెదడులోని పై స్థాయి ప్రాంతాలు తమ అంచనాను కింది స్థాయికి పంపి సరిచూసుకుంటాయి. ధ్యాస ఆలస్యంగా చేరితే అప్పటికి అక్కడ మిగిలేది చుక్కలే. లక్ష్యం స్థానాన్ని అవే ఆక్రమిస్తాయి.

తేలని వాదన

ఈ వివరణపై 2013లో బ్రిటన్ పరిశోధకులు అభ్యంతరం లేవనెత్తారు. తెరపై వస్తువులు తక్కువగా ఉంటే పరీక్ష మరీ తేలికై దాదాపు అందరూ సరైన జవాబే చెబుతారు. కాబట్టి మాస్క్ ప్రభావం ఉన్నా లెక్కలో కనిపించదు. ఈ లోపాన్ని సరిదిద్దితే, వస్తువుల సంఖ్యతో మాస్క్ బలం మారడం లేదని వారు చూపారు. 2015లో ఆస్ట్రేలియాకు చెందిన హన్నా ఫిల్మర్, జేసన్ మాటింగ్లీ, పాల్ డక్స్, చూపూ ధ్యాసా నేరుగా లక్ష్యంపైనే ఉన్నా ఈ మాస్కింగ్ జరుగుతుందని చూపారు. ధ్యాస ఉంటే లక్ష్యం మెరుగ్గా కనిపిస్తుందనడంలో వివాదం లేదు. మాస్క్ బలాన్ని కూడా అదే తగ్గిస్తుందా అన్నదే ప్రశ్న.

రోడ్డు మీద

మాస్కింగ్‌కు దగ్గరి బంధువు ‘మార్పు అంధత్వం’. 1999లో ‘నేచర్’ పత్రికలో ఓరెగన్, రెన్సింక్, క్లార్క్ దీనిపై ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కారు అద్దంపై బురద చిందినట్టు దృశ్యం మీద కొన్ని మచ్చలు మెరిపించి, అదే క్షణంలో దృశ్యంలో ఒక పెద్ద మార్పు చేశారు. మచ్చలు ఆ మార్పును కప్పకపోయినా చాలామంది గమనించలేదు. మచ్చలు కప్పింది మార్పును కాదు, లాక్కున్నది ధ్యాసను.

ప్రమాదాలను అధ్యయనం చేసేవారు ‘చూశారు గానీ కనిపించలేదు’ అనే కోవను ప్రత్యేకంగా గుర్తిస్తారు. ల్యాబ్‌లోని మిల్లీసెకన్ల ఫలితాలను ఎక్స్‌ప్రెస్‌వేకు యథాతథంగా వర్తింపజేయలేం. కానీ ‘అటే చూశాను, బండి కనిపించలేదు’ అనే డ్రైవర్ మాట ప్రతిసారీ అబద్ధమే కానక్కర్లేదు. అలాంటి ప్రమాదంపై విచారణలో డ్రైవర్ అటు చూశాడా అన్నది ఒక్కటే అడిగితే సరిపోదు. ఆ క్షణంలో అతని ధ్యాసను మరేదైనా లాక్కుందా అన్నదీ అడగాలి.