ఫెహరిస్తు: బాగ్దాద్ నుంచి టైడా దాకా



పెళ్లి సామాను కొనేముందు రాసుకునే చిట్టీని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఫెహరిస్తు అంటారు. జాబితా అన్నమాట. ఈ చిన్న మాట వెనుక పెద్ద తవారీఖే ఉంది. హిజ్రీ 377లో, అంటే క్రీ.శ. 987లో, బాగ్దాద్‌లో ఇబ్నె నదీమ్ అనే పుస్తకాల వ్యాపారి తన కాలానికి అరబీలో ఉన్న కితాబుల పేర్లనూ వాటిని రాసినవాళ్ల వివరాలనూ పది భాగాలుగా కూర్చాడు. ఆ గ్రంథం పేరే 'కితాబుల్ ఫెహరిస్త్'. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను కొల్లగొట్టారు. ఇబ్నె నదీమ్ నమోదు చేసిన కితాబుల్లో చాలావాటికి ఈరోజు పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆ పేరైనా మిగిలింది ఫెహరిస్తు పుణ్యమే.

ఈమధ్య నేనూ ఒక ఫెహరిస్తు తయారు చేశాను. మా మామూ గారి గ్రామఫోన్ రికార్డుల కోసం ఒక చిన్న మొబైల్ యాప్. ఇంటర్నెట్ లేకుండా నడవాలన్నది దానికి మొదటి షరతు. ఎందుకంటే మామూ ఉండేది టైడాలో.

విశాఖ నుంచి అరకు వెళ్లే రైలు కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం దాటి కొండ ఎక్కుతుంటే తగిలే చిన్న స్టేషను టైడా. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. దారిలో యాభైకి పైగా సొరంగాలు. పైన శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. మామూ ఈ లైను మీదే నౌకరీ చేసి, రిటైరయ్యాక టైడాలోనే ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. ఆయన ఇంట్లో ఫోన్ సిగ్నల్ వస్తుంది, పోతుంది. వానాకాలంలో పోవడమే ఎక్కువ.

ఆయన దగ్గర మూడు రేకు పెట్టెల్లో 640 రికార్డులున్నాయి. 'బేటా, పెట్టెలో ఏముందో నాకే మరుపొస్తోంది. తీసి చూద్దామంటే పగుల్తాయని భయం' అన్నారు. భయపడటంలో తప్పులేదు. వాటిలో సగానికి పైగా 78లు. అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత నల్ల పళ్లేలు. చెయ్యి జారితే గాజు పలకలా ముక్కలవుతాయి.

వాటిని చేసిన సరుకు సంగతి మన పాఠకులకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, నచ్చుతుంది. అది లక్క! లాడ్‌బజార్ గాజులకు వాడే లక్కే. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద ఒక సన్నని పురుగు పెట్టే జిగురు అది. ఛోటానాగ్‌పూర్ అడవుల్లో ఆదివాసులు సేకరించిన లక్కను శుద్ధిచేసి, రాతిపొడీ మసీ కలిపి అచ్చు వేస్తే రికార్డు తయారయ్యేది. దునియా మొత్తానికి లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం రికార్డులకు వాడే లక్క మీద గట్టి కోత పెట్టింది. యుద్ధం ముగిశాక, 1948లో, కొలంబియా కంపెనీ వినైల్‌తో చేసిన లాంగ్ ప్లే రికార్డును బజారులోకి తెచ్చింది. 78లో ఒక వైపు మూడు నిమిషాలు పాడితే, లాంగ్ ప్లేలో ఇరవై నిమిషాలు దాటేది.

మన దేశంలో ఈ కథ 1902 నవంబరులో ఊపందుకుంది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును పట్టుకున్నాడు. పాట ముగియగానే ఆమె ఇంగ్లిషులో తన పేరు తానే చెప్పేది. అప్పట్లో రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్లకు తెలియడానికే ఇలా పేరు చెప్పించేవారని అంటారు. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ అవసరం తీరింది. చూశారా, పాటకు పేరు అంటించి పెట్టడమనే ఫికర్ రికార్డుతోపాటే పుట్టింది. పేరు ఊడిపోతే ఆవాజ్ యతీమ్ అయిపోతుంది.

యాప్ పని మొదలుపెట్టాక ఈ పేర్ల దగ్గరే ఎక్కువ మెహనత్ పట్టింది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా సాహెబ్‌నే తీసుకోండి. ఒకరు 'షేక్' అని రాస్తారు, ఒకరు 'షేఖ్' అంటారు, ఇంకొకరు ఒట్టి 'మౌలానా' అని ఊరుకుంటారు. హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ పేరులో 'ఖ' ఒకచోట 'క' అవుతుంది, 'జ' ఒకచోట 'ఝ' అవుతుంది. ఇంగ్లిషు లేబుల్ ఒక రకం, ఉర్దూ లేబుల్ ఇంకో రకం. మామూ వెతికేది మాత్రం తెలుగు అక్షరాల్లో.

అందుకని ప్రతి రికార్డుకూ రెండు గడులు పెట్టాను. మొదటి దానిలో లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టే, అచ్చుతప్పుతో సహా. అది దస్తావేజు, మార్చకూడదు. రెండో దానిలో ఆ పేరును మనవాళ్లు ఎన్ని రకాలుగా పలుకుతారో అన్నీ. ఏ రకంగా కొట్టినా అదే రికార్డు హాజరవుతుంది. వీటితోపాటు కంపెనీ నంబరు, లేబుల్ దగ్గర చెక్కి ఉండే మ్యాట్రిక్స్ నంబరు, ఏ పెట్టె, ఎన్నో వరస. ఒకే పాట వేరువేరు లేబుళ్ల మీద మళ్లీ విడుదలైతే, పాత రికార్డింగేనా కొత్తదా అని తేల్చడానికి మ్యాట్రిక్స్ నంబరే గవాహీ.

రెండు వైపుల లేబుళ్లకూ ఫోటోలు తీశాం. 1,280 ఫోటోలు. ఒక్కోదాన్ని 80 కిలోబైట్లకు కుదిస్తే మొత్తం 100 మెగాబైట్లు. మామూ పాత ఫోన్‌లో హాయిగా పట్టాయి.

సమాచారమంతా ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఉంది. రిచర్డ్ హిప్ 2000లో తయారు చేసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఇది. దాని పుట్టుక కూడా మన కథకు దగ్గరిదే. అమెరికా యుద్ధనౌక కోసం ఆయన ఒక ప్రోగ్రామ్ మీద పనిచేస్తున్నారు. డేటాబేస్ సర్వర్ ఆగినప్పుడల్లా ప్రోగ్రామూ ఆగిపోయేది. ఓడ దెబ్బతిన్నప్పుడు పనికిరావాల్సిన ప్రోగ్రామ్ అది! సర్వరే అక్కర్లేని డేటాబేస్ చేస్తే పోలా అనుకున్నారు. అలా మొత్తం ఖజానా ఒకే ఒక్క ఫైలులో ఇమిడిపోయింది. ఈరోజు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ అది ఉంది. నడిసముద్రంలో ఓడకు పనికొచ్చిన ఇలాజే కొండల్లో టైడాకూ పనికొచ్చింది.

అదే 2000లో ఇంటర్నెట్‌లో డిస్కాగ్స్ కూడా మొదలైంది. దునియాలోని రికార్డుల వివరాలను అభిమానులే అక్కడ నమోదు చేస్తారు. మామూ వినైల్ రికార్డులకు అది బాగా సాయపడింది. 78ల్లో చాలావాటికి మాత్రం అక్కడ ఏమీ దొరకలేదు. వాటి సంగతి మామూకే తెలుసు. ఏది ఎక్కడ కొన్నారు, ఏ నికాహ్‌లో మోగింది, ఏది ఎవరు బహుమతిగా ఇచ్చారు, అన్నీ ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని రాసుకున్నాను. ఆయనకు ఎనభై దాటాయి. ఆ ఖబర్లు ఏ సర్వర్‌లోనూ లేవు.

ఫెహరిస్తు పూర్తయ్యాక ఒక సాయంత్రం మామూ 'అగ్గిరాముడు' అని వెతికారు. 1954 నాటి ఆ సినిమాలో మన షేక్ నాజర్ అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లు బిడ్డ. 2022 నుంచి టైడా ఉన్న జిల్లాకు ఆ అల్లూరి పేరే. ఆ వరస చూస్తూ మామూ అన్నారు: 'అల్లూరి కథ ఉంది బేటా. కానీ ఈ కొండల వాళ్ల పాట ఒక్కటీ లేదు.' నిజమే. గడప దాటితే వినిపించే థింసా పాట 640 రికార్డుల్లో ఒక్క వైపు కూడా లేదు. లక్క అడవిది, గొంతు బస్తీది. అన్నీ వరసగా పేర్చి చూస్తేనే ఈ లోటు కళ్లబడింది. ఉన్నదాన్ని లెక్కపెట్టినప్పుడే లేనిదేదో తెలుస్తుంది.

దోస్తులారా, మీ ఇళ్లలోనూ అటకల మీద ఇలాంటి పెట్టెలు ఉండొచ్చు. రికార్డులే కానక్కర్లేదు. క్యాసెట్లు, నిఖాహ్‌నామాలు, పాత ఉత్తరాలు, ఏవైనా. యాప్ రాకపోతే నోటుబుక్కు చాలు. పేరు, ఎక్కడిది, ఎవరిది, ఎక్కడ పెట్టారు అని నాలుగు గడులు గీయండి. ఒక నకలు ఇంకొకరి ఇంట్లో ఉంచండి. మా ఫైలు నకలు విశాఖలో మా చెల్లి దగ్గర ఉంది. రైలెక్కి వెళ్లినప్పుడల్లా కొత్తది ఇచ్చి వస్తాను. వస్తువులను వారసులు పంచుకోవచ్చు, పాత సామాన్లవాడికి తూకానికి వేసేయనూ వచ్చు. ఏ పళ్లెం మీద ఎవరి గొంతుందో చెప్పగల పెద్దలు హయాత్‌లో ఉండగానే కూర్చోబెట్టి రాసుకోండి. ఈ జుమా సెలవుపూట ఒక పెట్టెతో మొదలుపెట్టండి, ఇన్షా అల్లాహ్.