తెలుగు పాఠ సీడీలు

పుస్తకాల పాఠం, నిఘంటువులు, ఫాంట్లు, వాటిని చదివి వెతికే సాఫ్ట్‌వేర్ ఒకే బిళ్లలో చేర్చిన ప్రచురణలు పాఠ సీడీలు. ఇంటర్నెట్ అరుదైన రోజుల్లో గ్రంథాలయాన్ని ఇంటికి చేర్చిన సాధనమిది. పాటల సీడీకీ దీనికీ తేడా వెతుకులాటలో ఉంది. అన్నవరం సత్యనారాయణస్వామి వ్రతకథను సీడీలో వినవచ్చు; అందులో ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో తెలియాలంటే మాత్రం అక్షరరూపంలో పాఠం కావాలి.

పూర్వరంగం

12 సెంటీమీటర్ల సీడీ-రామ్‌లో సుమారు 650 మెగాబైట్లు పడతాయి. 1985లో అమెరికాలో గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వం సీడీగా వచ్చింది. మన దేశంలో ఇగత్‌పురిలోని విపశ్యనా పరిశోధన సంస్థ 1997లో పాలి త్రిపిటకాన్ని సీడీకెక్కించింది. దాని తరువాతి రూపాల్లో తెలుగు లిపి కూడా చేరింది.

లిపి చిక్కు

తెలుగుకు అడ్డొచ్చింది చోటు కాదు, సంకేతాలు. భారతీయ లిపులకు ఇస్కీ ప్రమాణం 1991లో ఖరారైనా, డీటీపీ కేంద్రాలు ఎవరి ఫాంటు వారు వాడుకున్నాయి. వాటిలో దాగేది అక్షరం కాదు, తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలు. అచ్చులో అందంగా కనిపించే పదమే మరో ఫాంటులో వేరే సంకేతాల వరుస. అందుకే వెతికినా దొరకదు. పుస్తకం పుటలను బొమ్మలుగా స్కాన్ చేసిన ప్రతులదీ ఇదే పరిస్థితి.

1991లోనే వెలువడిన, ఫాంటు ఏదైనా ఒకే సంకేతాలు వాడే యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. ఆ లెక్కన ఒక సీడీలో 20 కోట్లకు పైగా సంకేతాలు ఇముడుతాయి. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ యూనికోడ్ తెలుగు ఫాంటుతో వచ్చింది. దాని పేరు గౌతమి.

ఉచిత సీడీ

2005లో కేంద్ర సమాచార సాంకేతిక శాఖ, సీ-డాక్ సంస్థ ద్వారా, తమిళం, హిందీల తరువాత తెలుగు ఉపకరణాల సీడీని విడుదల చేసింది. ఫాంట్లు, కీబోర్డు డ్రైవర్లు, ఓపెన్ ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ విహారిణి వంటివాటిని కోరినవారికి ఉచితంగా అందించింది.

తరువాతి దశ

సీడీ డ్రైవులు లేని కంప్యూటర్లు వచ్చాక ఆ పని పెన్‌డ్రైవులకు, ఫోన్లకు మారింది. కివిక్స్ సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను ఇంటర్నెట్ లేకుండానే చదవవచ్చు, వెతకవచ్చు. బిళ్ల మారినా యూనికోడ్ పాఠం అలాగే తెరుచుకుంటుంది. పాత ఫాంట్ల పాఠాన్ని మాత్రం ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సిందే.