పినాకిని పుట్టినిల్లు

నెల్లూరి మాగాణి పేరు వినని తెలుగువాడుండడు. మొలగొలుకుల బియ్యమన్న నోరూరనివాడును అరుదే. ఆ పైరులను పెంచు పెన్న మన చిక్కబళ్లాపురపు నంది కొండలలో, చెన్నకేశవగిరిపై పుట్టినదను సంగతి మాత్రము మనలోనే పలువురకు పట్టదు. చిత్రావతి, పాపఘ్నులును ఈ కొండల బిడ్డలే. అవి కడప సీమలో పెన్నతో కలియును. పెన్న 597 కిలోమీటర్లు నడచి ఊటుకూరు వద్ద సముద్రమును చేరును.

మెట్టినిల్లు సంపన్నము, పుట్టినిల్లు పలుచన. 2011 జనాభా లెక్కలలో చిక్కబళ్లాపురము జిల్లా జనసంఖ్య 12,55,104. చదరపు కిలోమీటరునకు మూడువందల మందికి లోపు. కర్ణాటక సగటు 319. బాగేపల్లి, గుడిబండల వైపు పోయినకొలది బండలు హెచ్చును, ఊళ్లు దూరమగును, చెవిని బడునది తెలుగే.

జనము పలుచనైన చోట నీటి హక్కును పలుచనయ్యెనేమో యనిపించును. 1892లో మైసూరు, మద్రాసు ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికలో ఈ మూడు నదుల పేర్లును పట్టికకెక్కినవి. వీనిపై మైసూరువారు క్రొత్త జలాశయము కట్టదలచినచో ముందుగా మద్రాసువారి సమ్మతి పొందవలెను. తరతరములుగా పారుచున్న భూములను కాపాడుకొనుట దిగువవారి న్యాయము, కాదనలేము. కాని ఎగువ రైతునకు పాత చెరువులే దిక్కైనవి. (కచేరీ కాగితములలో చెరువుల పట్టికలు చూచినవారికి వాని సంఖ్య తెలియును, నీరున్న చెరువుల సంఖ్య వేరు.) ఇటీవల 2000 దాటిన పిమ్మట బాగేపల్లి చెంత పరగోడు వద్ద చిత్రావతికి అడ్డుకట్ట వేయగా, బుక్కపట్టణము చెరువునకు నీరు రాదని అనంతపురమువారు అభ్యంతరము తెలిపిరి. ఇరువైపులవారును తెలుగువారే, దప్పికయు నొక్కటే.

అయినను ఈ మెట్ట సీమ ఊరకుండలేదు. శిడ్లఘట్ట పట్టుగూళ్ల సంత దేశమున పేరుగన్నది. చింతామణి టమాటా, చిక్కబళ్లాపురపు ద్రాక్ష దూరపు నగరములకు పోవుచున్నవి. ఈ సంపదకెల్ల మూలము బోరుబావి. వేయి అడుగులు దాటినను నీరు పడని చోట్లు కలవు. పడిన నీటిలో పెక్కుచోట్ల ఫ్లోరైడు కలదు.

ఇప్పుడు బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి, హెబ్బాళ–నాగవార లోయ పథకము ద్వారా మన చెరువులకు పంపుచున్నారు. రెండు దశల శుద్ధి చాలదు, మూడవ దశయు కావలెనని రైతులు కోరుచున్నారు.